పాత మారుతి, పై ఖర్చులు

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందుకున్నది హర్పాల్ సింగ్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. లాటరీలో పేరు రావడంతో, ఉన్న ఫియట్ అమ్మేసి ఈ కొత్త బండి కొనుక్కున్నారు. డీఐఏ 6479 నంబరున్న ఆ తెల్లకారును 2010లో కన్నుమూసేదాకా వదులుకోలేదు. ఆ తర్వాత అది ఇంటి ముందు ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. చివరికి కంపెనీయే తీసుకెళ్ళి, మళ్ళీ రూపు తెప్పించి, 2022లో తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది.

పాత చిన్నకార్ల వ్యవహారం సగం ఈ కథలోనే ఉంది. యజమాని వాడుకున్నన్నాళ్ళూ బండి నడిచింది. నిలబడిపోయాకే శిథిలమైంది.

గురుగ్రామ్ ఫ్యాక్టరీ నుంచి ముప్ఫై ఏళ్ళలో దాదాపు 29 లక్షల మారుతి 800లు బయటికొచ్చాయి. 2014 జనవరి 18న తయారీ ఆగింది. అంతకు దాదాపు నాలుగేళ్ళ ముందే, 2010 ఏప్రిల్‌లో, 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రాగానే అక్కడ దీని అమ్మకాలు నిలిచిపోయాయి. ఆ జాబితాలో హైదరాబాద్, సికింద్రాబాద్ కూడా ఉన్నాయి. అంటే జంటనగరాల్లో కొత్తగా కొన్న ఆఖరి 800కి కూడా పదిహేనేళ్ళు నిండిపోయాయి. తెలంగాణకు సొంత రిజిస్ట్రేషన్ కోడ్ వచ్చేనాటికి ఈ కారు తయారీయే లేదు. అందుకే వరంగల్‌లో ఎదురైనా, కరీంనగర్‌లో ఎదురైనా దాని నంబరు ప్లేటు మీద దాదాపుగా ‘ఏపీ’ అక్షరాలే కనిపిస్తాయి.

ఇంకా తిరుగుతున్నాయా అంటే, తిరుగుతున్నాయి. చిన్న ఊళ్ళలో డాక్టరు గారి క్లినిక్ ముందు, మార్కెట్ యార్డు దగ్గర, డ్రైవింగ్ స్కూలు బోర్డు నెత్తిన పెట్టుకుని మైదానంలో. వాటి యజమానుల్ని కదిపితే ఒక తమాషా బయటపడుతుంది. “ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదండీ” అని మొదలుపెడతారు. కాసేపు మాటల్లో పెడితే క్లచ్ వైరు తెగిన రోజు, ఘాట్ రోడ్డు మీద ఆవిర్లు కక్కిన రోజు, పెళ్ళికి వెళ్తుంటే డైనమో చార్జింగ్ ఆగిపోయిన రోజు ఒక్కొక్కటే బయటికొస్తాయి. అవేవీ వాళ్ళ దృష్టిలో ఇబ్బందులు కావు. ఎందుకంటే ప్రతిసారీ కూతవేటు దూరంలో ఒక షెడ్డు ఉంది. అందులో ఈ బండి తెలిసిన మేస్త్రీ ఉన్నాడు. అతను అడిగింది జేబులో ఉన్న డబ్బే.

పాత చిన్నకారు నమ్మకమంటే ఇదే. చెడిపోకపోవడం దాని గొప్ప కాదు. ఏది చెడుతుందో ముందే ఊహకు అందుతుంది, చెడింది ఎవరైనా బాగుచేయగలరు, బిల్లు గుండె ఆగేంత ఉండదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా అదే కారు తెల్ల ఏనుగైపోతుంది. ఇది మారుతి ఒక్కదానికే వర్తించే సంగతి కాదు.

మారుతి 800లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8బి ఇంజిన్. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు. కారు మొత్తం బరువు 650 కిలోల చుట్టుపక్కల. ఇదే ఇంజిన్ ఓమ్నీ వ్యానులో 2019 దాకా వచ్చింది. ఆల్టోలో ఉన్నది దీనికి తోబుట్టువు. అందువల్లే 800 ఆగిపోయి ఏళ్ళు గడిచినా సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కౌంటరు ముందు నిలబడి “ఎనిమిది వందలకి వాటర్ పంపు” అంటే కుర్రాడు తల ఎత్తకుండానే “కార్బురేటరా, ఎంపీఎఫ్ఐనా?” అని అడుగుతాడు.

ఆ ప్రశ్న ముఖ్యమైనదే. 2000 ప్రాంతం దాకా 800లో కార్బురేటరే ఉండేది. ఆ తర్వాత ఇంధనాన్ని ఎలక్ట్రానిక్‌గా చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. కార్బురేటర్ బండి యజమానికి చలికాలం ఉదయం ఒక పరీక్ష. చోక్ లాగాలి, సెల్ఫ్ కొట్టాలి, మరీ ఎక్కువ కొడితే పెట్రోలు నిండి ప్లగ్గులు తడుస్తాయి. జెట్‌లో నలుసు పడితే బండి ఎగిరెగిరి పడుతుంది. కానీ దాన్ని విప్పి, పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టి బిగించడానికి స్క్రూడ్రైవరు, ఓపిక చాలు. ఎంపీఎఫ్ఐ బండి ఉదయాన్నే ఒక్క తిప్పుకు స్టార్టవుతుంది. నెలల తరబడి షెడ్డు మొహం చూడదు. అయితే సెన్సర్ ఏదైనా మూగబోతే స్కానర్ ఉన్నవాడి దగ్గరికే పోవాలి. ట్యాంకులో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపుకు చుట్టూ ఉన్న పెట్రోలే చల్లదనం. నెలంతా రిజర్వులోనే నడిపేవాళ్ళకు ఆ పంపు త్వరగా పోతుంది. నూటికీ రెండు నూర్లకీ పెట్రోలు పోయించుకునే పొదుపు చివరికి పంపు దగ్గర తేలుతుంది.

చిల్లర ఖర్చుల్ని త్వరగా దాటేయవచ్చు. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు ఇవన్నీ వందల్లో తేలే పనులు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింటు అరిగిందని అర్థం. సాధారణంగా దాని మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరడం వల్ల అలా అవుతుంది. తొడుగు చిరిగిన రోజే చూసుకుంటే వందల్లో పోతుంది, చప్పుడు మొదలయ్యాక వేలల్లోకి వెళ్తుంది. వెనక బ్రేకుల్లో వీల్ సిలిండర్ కారడం, సస్పెన్షన్ బుష్‌లు పోవడం, సైలెన్సర్ తుప్పుకి చిల్లు పడడం కూడా మామూలే. క్లచ్ ప్లేట్ల సెట్టు మార్పించాలంటే కూలితో కలిపి 4,000 నుంచి 6,000 రూపాయల దాకా అవుతుంది. ఊరిని బట్టి, మేస్త్రీ చేతివాటాన్ని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. అయినా కొత్త తరం కారుకు ఇదే పని చేయించినవాళ్ళు ఈ అంకె వింటే నిట్టూరుస్తారు.

అసలు కథ ఇంజిన్ వేడెక్కడంతో మొదలవుతుంది.

పాత 800 ఇంజిన్లను చంపినవాటిలో మొదటి పేరు చెప్పాల్సింది నీళ్ళనే. రేడియేటర్‌లో పోయాల్సింది కూలెంట్. తుప్పు పట్టనివ్వని రసాయనాలు కలిపిన ద్రవం అది. మన దగ్గర మాత్రం చాలా ఏళ్ళపాటు చేతికందిన బిందెడు నీళ్ళే పోశారు, ఇప్పటికీ పోస్తున్నారు. నల్లగొండలోనో, ప్రకాశం జిల్లాలోనో బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. ఆ పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంట్ లేని నీళ్ళు అల్యూమినియం హెడ్డులోని నీటి దారుల్ని తినేస్తాయి. నీళ్ళు ఆడవు. మేనెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. ఫ్యాన్‌ను తిప్పాల్సిన స్విచ్ కూడా ఆ సమయానికే మొండికేసిందంటే హెడ్డు వంకరపోతుంది, బ్లాకుకూ హెడ్డుకూ నడుమ ఉండే గ్యాస్కెట్ కాలిపోతుంది. ఆయిల్, నీళ్ళు కలిసిపోతాయి. అప్పుడు ఆయిల్ మూత విప్పి చూస్తే లోపల పాలు ఎక్కువైన కాఫీ రంగు కనిపిస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగదు.

ఇక్కడ యజమాని చేసే పనిని బట్టి బిల్లు రెండు దార్లు పడుతుంది. ముల్లు ఎక్కడం చూసి వెంటనే పక్కకు ఆపినవాడికి హెడ్డు విప్పి, లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి, కొత్త గ్యాస్కెట్ వేయిస్తే సరిపోతుంది. ఐదారు వేల నుంచి ఎనిమిది వేల రూపాయల మధ్య పని. “ఇంకో నాలుగు కిలోమీటర్లేగా, ఇల్లు చేరిపోదాం” అనుకున్నవాడికి పిస్టన్లు పట్టేస్తాయి. మర్నాడు మేస్త్రీ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ “సార్, బండికి ఇంజిన్ పని వచ్చింది” అంటాడు. ఆ మాట విన్నవాళ్ళకు దాని బరువు తెలుసు. రీబోరింగ్, పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, కూలి అన్నీ కలిస్తే 25,000 నుంచి 35,000 దాకా పోతుంది. చాలా ఊళ్ళలో నడుస్తున్న పాత 800 అమ్మితే వచ్చేది కూడా కాస్త అటూ ఇటూగా అంతే. బండి విలువ అంతా ఇంజిన్‌లో పోసి మళ్ళీ అదే బండి నడపాలా అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఇంజిన్ ఆయిల్ తాగి నీలిపొగ వదిలే దశ దీనికి భిన్నమైనది. అది నెమ్మదిగా వస్తుంది, నెలకింత ఆయిల్ పోసుకుంటూ ఏళ్ళు నెట్టుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. వేడి మాత్రం వ్యవధి ఇవ్వదు.

ఇంజిన్‌కు కనీసం మందుంది. తుప్పుకు అదీ లేదు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి తలుపుల అడుగు అంచుల్ని, చక్రాల గూళ్ళని, బ్యాటరీ కింది రేకుని వరసగా తినేస్తుంది. లోపల మరొక తంటా ఉంది. తలుపు రబ్బరు గట్టిపడి పగిలితే వాన నీళ్ళు కార్పెట్ కిందికి చేరతాయి. పైన పొడిగానే ఉంటుంది. కింద రేకు మాత్రం నెలల తరబడి తడిలో నానుతుంది. ఒకనాడు కార్పెట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తుంది. అప్పుడు టింకరింగ్. కుళ్ళిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేసి, పుట్టీ పెట్టి, పెయింటింగ్ చేస్తారు. బండంతా చేయిస్తే ఇంజిన్ పనితో పోటీ పడే బిల్లు వస్తుంది. పైగా పుట్టీ కింద తుప్పు పని కొనసాగిస్తూనే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు పాతబండి కొనేటప్పుడు మెరిసే కొత్త పెయింటు చూసి మురిసిపోరు, అనుమానపడతారు.

అదే కాలపు మిగతా చిన్నకార్ల సంగతి వేరు. 1998లో రెండు కార్లు మారుతికి ఎదురు నిలిచాయి. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై నుంచి హ్యుందాయ్ సాంత్రో, పుణె నుంచి టాటా ఇండికా.

సాంత్రో మొదటి రోజు నుంచే ఎంపీఎఫ్ఐ. నాలుగు సిలిండర్లు, నునుపైన ఇంజిన్, తలపాగా తగలనంత ఎత్తు. యజమానులు ఇప్పటికీ మెచ్చుకునే బండి. కానీ దాన్ని పాతది కొన్న చాలామందిని దెబ్బతీసింది టైమింగ్ బెల్టు. క్రాంక్‌షాఫ్ట్‌ను, పైన వాల్వుల్ని తెరిచి మూసే షాఫ్ట్‌ను ఒకే లయలో తిప్పే రబ్బరు పట్టీ ఇది. చప్పుడు చేయదు, సూచన ఇవ్వదు, ఒకరోజు తెగుతుంది. తెగిందంటే తెరిచి ఉన్న వాల్వుల్ని పైకి వస్తున్న పిస్టన్ గుద్దుతుంది. వాల్వులు వంగిపోతాయి. గడువులో బెల్టు, దాని టెన్షనర్ మార్చుకుంటే కొద్ది వేలతో తీరే పని, తెగాక హెడ్డంతా విప్పే పనిగా మారుతుంది. మొదటి యజమానికి సర్వీసు పుస్తకం ఉంటుంది కాబట్టి తెలుస్తుంది. మూడో యజమానికి ఆ పుస్తకం దొరకదు. ‘మార్పించాంలే’ అన్న మాట ఒక్కటే చేతికొస్తుంది. సాంత్రో చెడ్డ కారు కాదు. కానీ చరిత్ర తెలియని సాంత్రో ఖరీదైన కారు.

ఇండికా అనుభవం మరో రకం. మొదటి బ్యాచుల మీద ఫిర్యాదులు వెల్లువెత్తితే టాటా సరిదిద్ది 2001లో ‘వీ2’ తెచ్చింది. 1.4 లీటర్ల డీజిల్ ఇంజిన్, ఐదుగురికి సుఖంగా చాలినంత చోటు. పెట్రోలుకీ డీజిలుకీ ధరలో చాలా తేడా ఉన్న రోజులవి. హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు దాన్నే నమ్ముకుని కుటుంబాలు నడిపారు. మోత, కుదుపు, తరచూ సస్పెన్షన్ పనులు. అయినా రోజుకు రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్‌లో మిగిలిన డబ్బు షెడ్డు బిల్లును మించేది. అదే ఇండికాను ఇంట్లో పెట్టుకుని వారానికోసారి కూరగాయలకు తీసేవాడికి షెడ్డు బిల్లు మాత్రమే మిగిలేది. ఒకే కారు గురించి ఇద్దరు యజమానులు పరస్పర విరుద్ధంగా మాట్లాడితే, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఎంత తిరిగింది, ఎక్కడ తిరిగింది అని అడగకుండా ‘ఆ బండి మంచిదేనా’ అని మాత్రమే అడిగేవాళ్ళకు సరైన జవాబు రాదు.

తిరగడం గురించి ఇంకో మాట. ‘రిటైర్డ్ ఉద్యోగి వాడిన బండి, పదేళ్ళలో 30,000 కిలోమీటర్లే తిరిగింది’ అనే ప్రకటన చూస్తే కొనేవాళ్ళకు నోరూరుతుంది. ఊరడం సహజమే గానీ, రబ్బరుకు మీటరుతో పనిలేదు. దాని వయసు క్యాలెండరు లెక్కన పెరుగుతుంది. గొట్టాలు, సీళ్ళు, బెల్టులు, బుష్‌లు నిలబడి ఉండగానే గట్టిపడి పగుళ్ళు తేలతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. టైర్ల మీది గాట్లు లోతుగానే ఉంటాయి, పక్కగోడలు మాత్రం బీటలు వారి ఉంటాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చూస్తే దాని పుట్టుక తెలుస్తుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. 800కి వేసే 12 అంగుళాల చిన్న టైర్లు ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి కాబట్టి ఇది పెద్ద నష్టమేమీ కాదు. కానీ ‘తక్కువ తిరిగిన’ బండి ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో రబ్బరు భాగాలు మార్చే ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

స్పేరు పార్టుల కౌంటరు దగ్గర యజమానికి మరో తగువు. ఒరిజినలా, లోకలా? మేస్త్రీలు ఈ విషయంలో సిద్ధాంతకర్తల్లా మాట్లాడతారు. అద్దాలు, బంపర్లు, తలుపు పిడులు లోకల్ వేసినా ప్రాణానికి ముప్పు లేదు. టైమింగ్ బెల్టు, బ్రేకు భాగాలు, స్టీరింగ్ జాయింట్లు, హెడ్ గ్యాస్కెట్ దగ్గర వంద రూపాయలు మిగిల్చినవాడు మళ్ళీ అదే కూలి ఇంకోసారి ఇచ్చుకుంటాడు. స్పేర్ల మీద పన్ను కాస్త తగ్గడం ఈ మధ్య ఊరట. అంతకుముందు చాలా భాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి అన్నిటికీ 18 శాతమైంది.

కొన్నిసార్లు తేడా పార్టులో కాదు, పార్టు ఎంతవరకు విప్పుతారన్న దానిలో ఉంటుంది. హ్యుందాయ్ ఐ10, ఐ20 లాంటి కార్లలో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు దగ్గర వేలెడంత రబ్బరు కప్లింగ్ ఉంటుంది. అది పొడిపొడి అయితే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టిక్కుటిక్కుమంటుంది. కాలమ్ మొత్తం మార్చాలంటే వేలకు వేలు. కప్లింగ్ ఒక్కటి దొరకబుచ్చుకుని, విప్పి బిగించే ఓపికున్న మేస్త్రీకి అది వందల రూపాయల వస్తువు, సగం రోజు కూలి. పాతకార్ల యజమానులు ఇలాంటి మేస్త్రీ ఫోన్ నంబరును బంధువుల నంబర్లకన్నా జాగ్రత్తగా దాచుకుంటారు. నిజానికి పాతబండి నమ్మకం సగం ఆ మనిషిదే. అతను షెడ్డు మూసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతే, నిన్నటిదాకా బంగారమన్న కారు ఆర్నెల్లలో అమ్మకానికి వస్తుంది.

ఇక కాగితాల ఖర్చు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్ళి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఆలస్యం చేస్తే నెలకు 500 అదనం. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. దీనికి తోడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రీన్ ట్యాక్స్ ఉంది. భారత్ స్టేజ్-4కి ముందటి బండి కాబట్టి కాలుష్య సర్టిఫికెట్ ఏడాదికి రెండుసార్లు తెచ్చుకోవాలి. ఒకప్పుడు 800 కొత్తదే 50,000కు కాస్త అటూ ఇటూగా వచ్చింది. ఇప్పుడు దాని వయసుకు కట్టే ఫీజులే అందులో చెప్పుకోదగ్గ వాటా.

బీమా సంగతి చూస్తే, వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి ఏడాదికి 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. ఇది తప్పనిసరి, భారమూ కాదు. సొంత డ్యామేజీకి కూడా పాలసీ తీసుకున్నవాళ్ళకు ఆశాభంగం క్లెయిమ్ రోజున ఎదురవుతుంది. పదేళ్ళు దాటిన బండికి ఇనుప భాగాల ధరలో సగం తరుగు కింద కోసేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు వయసుతో నిమిత్తం లేకుండా సగం కోత. బండి విలువే నలభై వేలుగా కట్టినప్పుడు ముందు భాగం నుజ్జయితే బీమా వాళ్ళు బాగుచేయించడానికి ఇష్టపడరు, మొత్తంగా తేల్చేయడానికే చూస్తారు. అందుకే చాలామంది పాతకార్ల యజమానులు థర్డ్ పార్టీతోనే సరిపెట్టుకుని, మిగిలిన ప్రీమియం డబ్బును టింకరింగ్‌కు దాచుకుంటారు. లెక్క ప్రకారం అది తెలివితక్కువ పనేమీ కాదు.

కొత్తగా చేరిన బెంగ ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఇప్పుడు బంకుల్లో మామూలైంది. ఇథనాల్ కలవని పెట్రోలు కోసం రూపొంది, 10 శాతం మిశ్రమానికి ట్యూన్ చేసిన నాలుగు చక్రాల బండ్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. కొన్ని పాత వాహనాల్లో 20,000, 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది చవకైన పనేనని 2025లో పెట్రోలియం శాఖ చెప్పింది. ఆ మాట 800 యజమానుల్ని పెద్దగా కలవరపెట్టలేదు. గ్యాస్కెట్లు మార్చడం వాళ్ళకు కొత్త కాదు. అయితే పెట్రోలు గొట్టాలు మెత్తబడుతున్నాయా, ట్యాంకు అడుగున తుప్పు పొడి చేరుతోందా అని చూసుకోవడం ఇప్పుడు ఏటా చేయించాల్సిన పనుల్లో చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, వారాల తరబడి కదలని బండికి అది మరింత చేటు.

ఇవన్నీ కూడితే మామూలుగా తిరిగే, ఇంజిన్ విప్పే పని రాని పాత 800 మీద ఏడాదికి పది పదిహేను వేలు బాగుచేయడానికి పోతాయని అనుకోవచ్చు. కొత్త చిన్నకారు కొంటే రెండు నెలల బ్యాంకు వాయిదాలు అంతకు ఏమీ తక్కువ కావు. డబ్బు లెక్కలో పాతబండే నెగ్గుతుంది. లెక్కకు అందని లోటు ఒకటుంది. ఈ కార్లలో ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. పల్చటి రేకు తలుపుకు పక్కనుంచి వచ్చే లారీని ఆపే శక్తి లేదు. ఊళ్ళో నలభై మీద తిరిగేవాడికి చెల్లే బండి, ఆరు లైన్ల హైవే మీద పిల్లలతో వెళ్ళడానికి చెల్లదు. యజమానుల అనుభవాల్లో ఈ సంగతి తక్కువగా వినిపిస్తుంది. బతికి ఉన్నవాళ్ళే కదా అనుభవాలు చెప్పేది.

అయినా ఉంచుకునేవాళ్ళు ఉంచుకుంటున్నారు. మన్మోహన్ సింగ్ ప్రధానిగా ఉన్నప్పుడు కూడా ఆయన ఆస్తుల ప్రకటనలో కనిపించిన కారు 1996 మోడల్ మారుతి 800. ఆయన భద్రతా సిబ్బందిలో పనిచేసి తర్వాత ఉత్తరప్రదేశ్‌లో మంత్రి అయిన అసీం అరుణ్, 2024 డిసెంబర్‌లో మన్మోహన్ మరణించినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకున్నారు. నల్లటి బీఎండబ్ల్యూ వెనక నిలిపి ఉన్న ఆ 800 వంక మన్మోహన్ ఆపేక్షగా చూసేవారట, తన బండి అదేననేవారట. సచిన్ తెందుల్కర్ కూడా ఎప్పుడో చేజారిన తన తొలి కారు 800 ఎక్కడుందో తెలిస్తే చెప్పమని 2020లో అందరినీ అడిగారు. సామాన్యుల ఇళ్ళలో కారణాలు ఇంతకన్నా మామూలుగా ఉంటాయి. నాన్న పీఎఫ్ డబ్బుతో కొన్నది, అమ్మ నేర్చుకున్నది, ఇరుకు సందులో పట్టేది ఇదొక్కటే.

వదిలించుకోవాలనుకుంటే కేంద్రం 2021లో తెచ్చిన తుక్కు విధానం ఉంది. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్త సొంత కారు కొన్నప్పుడు రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చని నిబంధన. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల చేతిలో ఉంది. ఇటు అమ్మితే వచ్చేదెంత, అటు రాయితీలో కలిసొచ్చేదెంత అని కూడి చూసుకోవాల్సిందే.

కొనాలనుకునేవాళ్ళు మాత్రం తోడుగా ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని, పొద్దున్నే చెప్పకుండా వెళ్ళాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటే ముందు రేడియేటర్ మూత విప్పి లోపలి నీళ్ళు చూడాలి, తర్వాత స్టార్ట్ చేయించి పొగ రంగు గమనించాలి, ఆయిల్ మూత వెనకవైపు చూడాలి, వెనక సీటు ముందున్న కార్పెట్ ఎత్తాలి, ఆర్సీలో గడువు తేదీ చదవాలి. వాళ్ళు వచ్చేసరికే ఇంజిన్ వెచ్చగా ఉందంటే ఆ రోజుకు నమస్కారం పెట్టి, ఇంకో రోజు వస్తామని చెప్పి బయల్దేరడం మేలు.